తలంపును పరీక్షించు విద్య

అండమాను ద్వీపములలో పోర్టు బ్లెయిరు నగరమునకు కొలది దూరమున సిప్పీఘాట్ అను గ్రామము కలదు. (ఆ నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చిరి.) కొబ్బరి, మిరియము, లవంగము, జాజికాయ మున్నగువానిని పెంచు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రము వలన ఈ యూరు పేరొందినది. 2004 డిసెంబరు 26వ తేదీని సంభవించిన మహాభూకంపమున దక్షిణ అండమాను నేల ఇంచుమించు ఒక మీటరు క్రుంగినది. సునామీ కెరటములు వచ్చినవి, మరలిపోయినవి. కాని క్రుంగిన నేలపైకి పోటునీరు వచ్చుట మాత్రము మానలేదు. అంతవరకు వరి పండిన సిప్పీఘాట్ పల్లపు పొలములు ఉప్పునీటి మడుగులైనవి. నాగలి సాగినచోట నేడు నీటిపక్షులు తిరుగాడుచున్నవి.

సముద్రమును దూషించినందున పొలము తిరిగి రాదు. సముద్రము లేదని భావించుటయు పొసగదు. సునామీ పిమ్మట అండమానులోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ముంపునకు లోనైన నేలలు కొన్నింటికి ఒక యుపాయము చూపిరి. పల్లపు మట్టిని త్రవ్వి వెడల్పైన ఎత్తుమళ్లు కట్టి, వాని నడుమ లోతైన కాలువలు విడిచిరి. ఏటేట ఆ ద్వీపములపై కురియు సుమారు మూడువేల మిల్లీమీటర్ల వర్షము ఎత్తుమళ్లలోని ఉప్పును క్రమముగా కడిగివేయును. మళ్లపై కూరగాయలు పండును. కాలువలలో చేపలు పెరుగును. అచ్చట నీరు తొలగిపోలేదు. నీటినడుమ సాగుచేయుట మనుష్యులు నేర్చుకొనిరి.

మనుష్యుని మనస్సునకును ఒక్కొక్కప్పుడిట్టి ముంపు కలుగును. సునామీ పిమ్మట బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ వైద్యులు పోర్టు బ్లెయిరు సహాయ శిబిరములకు వచ్చి బాధితుల మనఃస్థితిని పరిశీలించి, ఊరట గల్పించిరి. అట్టి విపత్తు వలన కలుగు దుఃఖము, భయము చాలమందికి కాలక్రమమున ఉపశమించును. కాని ఏ విపత్తు లేకున్నను కొందరి యౌవనమున మెల్లమెల్లగా ప్రవేశించి, యేండ్ల తరబడి నిలుచు ముంపు మరియొకటి కలదు. దాని పేరు స్కిజోఫ్రీనియా. దాని నడుమ సాగు చేయుటయు నేర్వదగిన విద్యయే యని చూపుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. 2011 జనగణనను బట్టి అండమాను నికోబారు ద్వీపవాసులలో నూటికి ఇంచుమించు పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. అచ్చటి తెలుగు గృహమునకైనను, శ్రీకాకుళము, విశాఖపట్టణములలోని వారి బంధుగృహములకైనను ఈ విషయము దూరమైనది కాదు.

వ్యాధి స్వరూపము

స్కిజోఫ్రీనియా అను పేరును 1908లో స్విట్జర్లండు దేశీయుడగు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ కల్పించెను. ఆ గ్రీకు పదమునకు చీలిన మనస్సు అని అర్థము. అందుచే ఒకే దేహమున ఇద్దరు మనుష్యులుందురని లోకము పొరబడినది. అది సరికాదు. తలంపునకును, భావమునకును, ఇంద్రియానుభవమునకును నడుమ సహజముగా నుండవలసిన పొందిక చెదరుటయే ఈ వ్యాధి లక్షణము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ననుసరించి లోకమున రెండు కోట్లమందికి పైగా దీనితో జీవించుచున్నారు. తల్లిదండ్రుల పెంపకమునందలి లోపము గాని, పూర్వపాపము గాని, గాలి సోకుట గాని దీనికి కారణము కాదు. వంశానుగతమైన గుణములు, మెదడు పెరుగుదలలోని భేదములు, జీవితమున తటస్థించు ఒత్తిళ్లు కలసి దీనికి దారితీయునని శాస్త్రము చెప్పుచున్నది.

దీని లక్షణములు మూడు తెగలు. ఎవరును పలుకకుండగనే స్వరములు వినబడుట, ఇతరులు తనకు కీడు తలపెట్టుచున్నారని గట్టిగా నమ్ముట మొదటి తెగ. ఉత్సాహము సన్నగిల్లుట, మాట తగ్గుట, నలుగురిలో కలియకుండుట రెండవది. ఏకాగ్రత, జ్ఞాపకము, పనిని వరుసగా యోచించి చేయు శక్తి తగ్గుట మూడవది. మొదటి తెగను చూచి లోకము భయపడును. తక్కిన రెండింటిని చూచి సోమరితనమని నిందించును. స్వరములు సద్దుమణగిన పిదపను రోగిని ఉద్యోగమునకు, చదువునకు దూరము చేయునవి తరచుగా ఈ వెనుకటి రెండు తెగలే. ఈ సంగతి ఎరుగని గృహమున రోగి వ్యాధిని మాత్రమే గాక నిందను గూడ మోయవలసివచ్చును.

గట్టు, పంట

1952లో పారిస్ నగరమున జాన్ డిలే, పియేర్ డెనికేర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అను ఔషధమును తీవ్రమనోవ్యాధులకు వాడి ఫలితమును ప్రకటించిరి. అంతకు పూర్వమే, 1931లో, గణనాథ సేన్, కార్తీకచంద్ర బోస్ అను భారతీయ వైద్యులు మన సర్పగంధి వేరు ఉన్మాదమునకు, రక్తపుపోటునకు ఉపకరించుటను గూర్చి వ్రాసియుండిరి. ఔషధములు వచ్చిన పిదప సంకెలలు, చెరసాలవంటి గదులు తగ్గుటకు మార్గమేర్పడినది. నేటికిని ఈ వ్యాధికి ఔషధమే ఆధారము. మేలు కనబడిన వెంటనే వైద్యుని అడుగక మందు మానుట వ్యాధి తిరుగబెట్టుటకు ముఖ్యకారణములలో నొకటి.

అయినను ఔషధము గట్టువంటిది. గట్టు లేనిచో మడి నిలువదు. గట్టు వేసినంతమాత్రమున పంట పండదు. స్వరము తగ్గవచ్చును గాని, ఏండ్ల తరబడి ఆ స్వరమును నమ్మిన మనస్సునకు తన తలంపులను తూచి చూచు అలవాటు మందుబిళ్లతో రాదు. అది అభ్యాసముచే రావలయును. పూర్వము అది అసాధ్యమని తలచెడివారు. 1952లోనే అమెరికా వైద్యుడు ఆరన్ బెక్, గూఢచారులు తన్ను కనిపెట్టుచున్నారని నమ్మిన యొక రోగితో మాటల ద్వారముననే ఆ నమ్మకమును సావధానముగా పరిశీలింపజేసి, మేలు కలిగిన తీరును ప్రకటించెను. తరువాతి దశాబ్దములలో ఈ పద్ధతి క్రమబద్ధమైన శిక్షణముగా రూపొందినది. ఇంగ్లండు దేశపు వైద్యమార్గదర్శక సూత్రములు స్కిజోఫ్రీనియా గలవారికి ఔషధముతోపాటు ఇట్టి శిక్షణమును, కనీసము పదునారు పర్యాయములకు తగ్గకుండ, ఇవ్వజూపవలెనని చెప్పుచున్నవి. దీనివలన కలుగు మేలు అద్భుతమైనదని చెప్పరాదు. అది మితమైనది, మెల్లనిది. కాని మునిగిన పొలమున ఒక మడి పైకి లేచుట అల్పవిషయము కాదు.

త్రాడు, పాము, దీపము

మసకచీకటిలో త్రాడును చూచి పామని భ్రమించుట మన వేదాంతగ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైన దృష్టాంతము. అందొక సూక్ష్మము కలదు. పాము లేదు గాని భయమున్నది. గుండె దడయు, చెమటయు, పరుగును నిజమైనవే. ప్రక్కనున్నవాడు, అది పాము కాదు, నీకు పిచ్చి, అని నవ్వినచో భయము పోదు సరిగదా, భయముతో అవమానమును చేరును. అవును, పామే, అని కఱ్ఱ అందించినను మేలు లేదు. దీపము తెచ్చి ఇచ్చి, భయపడినవానిచేతనే చూడజేయుట యొక్కటియే దారి.

పతంజలి యోగసూత్రములలో చిత్తవృత్తులు ఐదని చెప్పబడెను. ప్రమాణము, విపర్యయము, వికల్పము, నిద్ర, స్మృతి. విపర్యయ మనగా ఉన్నదానిని మరియొకటిగా గ్రహించుట. దానిని ఏ కొందరి దోషముగనో గాక, మనస్సు యొక్క సహజవృత్తులలో నొకటిగా పరిగణించుట గమనింపదగినది. పొరబడుట ప్రతి మనస్సునకును కలదు. స్కిజోఫ్రీనియా యందు ఆ పొరపాటు బలముగా, తరచుగా, దిద్దుకొనుటకు కష్టముగా నుండును. అంతియే భేదము. కావున క్రింద చెప్పబడు అభ్యాసములు రోగులకే పరిమితమైనవి కావు. వారికి వీని యవసరము హెచ్చు. వీనికి వారు చెల్లించు శ్రమయు హెచ్చు.

అభ్యాసములు

మొదటిది, చూచినదానిని ఊహించినదానినుండి వేరుచేయుట. ఉదాహరణమునకు ఒక యువకుడు వీధిలో పోవుచుండగా అరుగుమీద ఇద్దరు నవ్విరనుకొందము. వారు నవ్విరనుట ప్రత్యక్షము. నన్ను చూచి నవ్విరనుట అనుమానము. నాకు కీడు తలపెట్టియే నవ్విరనుట ఆ యనుమానముపై కట్టిన మరియొక యనుమానము. మన నైయాయికులు శతాబ్దముల పూర్వమే ప్రత్యక్షమును, అనుమానమును వేరువేరు ప్రమాణములుగా విడదీసి చూపిరి. ఆ యువకుడు ఒక పుస్తకమున మూడు గీతలు గీసి, జరిగినది, తనకు తోచినది, తోచుటకు ఆధారము అని విడివిడిగా వ్రాసికొన్నచో ఆ విభాగమే అతనికి నిత్యసాధన మగును.

రెండవది, తీర్పును జాగుచేయుట. 1988లో ఇంగ్లండునందు ప్రకటింపబడిన యొక ప్రయోగమున రెండు కూజాలు చూపిరి. ఒకదానిలో నూటికి 85 పూసలు ఒక రంగువి, 15 వేరొక రంగువి. రెండవదానిలో ఆ లెక్క తారుమారు. దాచియుంచిన కూజానుండి ఒక్కొక్క పూసనే తీసి చూపి, ఇది ఏ కూజాయో నిశ్చయముగా తోచినప్పుడు చెప్పుడనిరి. మిథ్యావిశ్వాసములు గలవారిలో పెక్కురు ఒకటి రెండు పూసలు చూడగనే తీర్పు చెప్పిరి. తక్కినవారు మరికొన్ని చూచువరకు ఆగిరి. ఈ తొందరపాటును పెక్కు పరిశోధనలు తరువాత ధ్రువపరచినవి. జర్మనీలోని హాంబర్గు నగరమున స్టెఫెన్ మోరిట్జ్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును దీనిని ఆధారము చేసికొని, తలంపును గూర్చి తలంచుట నేర్పు సమూహపాఠములు రచించిరి. అందు పొడుపుకథలవంటి బొమ్మలు చూపి, ముక్కలు ముక్కలుగా వివరము బయలుపరచుచు, ముందే నిశ్చయించినవారు ఎట్లు పొరబడుదురో నవ్వుచు గ్రహించునట్లు చేయుదురు. ఇంటివద్ద నియమము సులభము. భయపెట్టు తలంపు కలిగినప్పుడు ఇంకను రెండు పూసలు చూతుననుకొనవలెను. ఆ సంఘటనకు వేరు కారణములు మూడైన వ్రాయవలెను. నమ్మకము నూటికి ఎంత యని అంకె వేయవలెను. నిన్న 95 అనిపించినది నేడు 70 అయినచో అదియు జయమే. నమ్మకము సున్న కానక్కరలేదు. ప్రశ్న ప్రవేశించుటకు సందు దొరకిన చాలును.

మూడవది, స్వరమును విధిగా గాక సంఘటనగా గ్రహించుట. స్వరము వినబడుట రోగి చేతిలో లేదు; దాని యాజ్ఞ పాలింపకుండుట అభ్యాసముచే చేతికి వచ్చును. ఏ వేళ, ఏ చోట, నిద్ర తక్కువైన దినముననా, ఒంటరిగా నున్నప్పుడా అది హెచ్చుచున్నదో గుర్తించి వ్రాసికొన్నచో, అకస్మాత్తుగా మీదపడు భూతముగా కనబడినది ఋతువులు గల వాతావరణముగా కనబడును. బిగ్గరగా చదువుట, పాడుట, మరియొకరితో మాటాడుట చాలమందికి కొంత ఉపశమనము నిచ్చును. అమెరికా పండితురాలు టాన్యా లూర్‌మన్, ఆమె సహచరులు మన చెన్నై నగరమునను, ఘానా దేశపు అక్రానందును, కాలిఫోర్నియాయందును ఇరువదేసిమంది చొప్పున రోగులతో సంభాషించి, 2015లో ఫలితము ప్రకటించిరి. కాలిఫోర్నియావారు ఆ స్వరములను హింసాత్మకములుగ, తమ మనస్సుపై దాడిగ వర్ణించిరి. చెన్నైవారిలో పలువురు అవి తమ బంధువుల స్వరములని, ఇంటిపని చేయుమని చెప్పునని, మందలించునని పలికిరి. స్వరముతో మనుష్యుడు పెట్టుకొను సంబంధము ఆతడు పెరిగిన సమాజమునుబట్టి మారగలదనుటకు ఇది సాక్ష్యము. మారగలది నేర్పుటకును వీలగును.

నాలుగవది, ఏకాగ్రతకును, జ్ఞాపకమునకును ఊత కల్పించుట. దీనికి వైద్యశాలలలో క్రమశిక్షణతో కూడిన అభ్యాసములు కలవు. మొదట సులభమైనవి, పిమ్మట కష్టమైనవి. ప్రతిదాని చివర, ఈ యుపాయమును ఇంటిలో ఎచ్చట వాడగలవు అను ప్రశ్న. ఇంటివద్దను పెద్దపనిని చిన్నపనులుగా విడదీసి కాగితముపై వ్రాయుట, ముగిసినదానికి గుర్తు పెట్టుట, మందువేళను భోజనవేళతో ముడివేయుట, ఒకేసారి ఒకే పని చేయుట అలవరచుకొనవచ్చును. వంట, తోటపని, కొట్టులెక్క ఏదైనను ఈ శిక్షణమునకు పాఠశాలయే. వట్టి అభ్యాసమునకంటె నిజమైన పనితో ముడిపడిన అభ్యాసము హెచ్చు ఫలించునని పరిశోధనలు చూపుచున్నవి.

అమెరికా గణితవేత్త జాన్ నాష్ చరిత్ర ఈ సందర్భమున తలంపదగినది. ముప్పదియేండ్ల ప్రాయమున స్కిజోఫ్రీనియాకు లోనై, అనేక సంవత్సరములు వైద్యశాలలలోను, వెలుపలను బాధపడి, తుదకు తేరుకొని, 1994లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందెను. తన భ్రాంతిపూరితములైన ఆలోచనాధారలలో కొన్నింటిని బుద్ధిపూర్వకముగా నిరాకరించుట క్రమముగా మొదలుపెట్టితినని ఆయన స్వయముగా వ్రాసికొనెను. అంతటి మేధావికిని అది ఒక్కదినమున సాధ్యము కాలేదు. మేధ వ్యాధిని రానీయకుండ ఆపలేదు. కాని పరీక్షించు అలవాటు తేరుకొనుటకు తోడ్పడినది. ప్రతి రోగియు నాష్ కానక్కరలేదు. తిరిగి బజారునకు పోగలుగుట, చెల్లెలి పెండ్లిలో నలుగురితో కూర్చుండగలుగుట గూడ బహుమానములే.

ఇంటివారి కర్తవ్యము

దీపము పట్టుకొను చేయి తరచుగా ఇంటివారిది. ఇంగ్లండులో జార్జి బ్రౌన్ మున్నగువారు చేసిన పరిశోధనలవలన, నిత్యము దూషణ, కోపము, అతిజోక్యము గల యిండ్లలో వ్యాధి తిరుగబెట్టుట హెచ్చని తెలిసినది. 1980వ దశకమున చండీగఢ్‌లో జరిగిన పరిశీలనమున, లండను గృహములతో పోల్చినచో అచ్చటి కుటుంబములలో ఇట్టి దూషణ తక్కువగా కనబడినది. మన యింటి ఓర్పు మన వైద్యమున నొక భాగమని దీనివలన గ్రహింపవచ్చును. రోగి, పొరుగువారు నా యన్నములో విషము కలిపిరి, అనినప్పుడు కాదని వాదింపరాదు, అవునని పలుకరాదు. నీకెంత భయముగ నున్నదో తెలియుచున్నది, నాకట్లు తోచుటలేదు, నీకట్లు తోచుటకు ఏమి జరిగినది, అని అడుగవలెను. భయమును గౌరవించుట, తీర్పును వాయిదా వేయుట, ఆధారమును కలసి వెదకుట ఈ మూడును ఆ యొక్క మాటలో నిమిడియున్నవి.

మన దేశమున 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేక్షణమునుబట్టి ఇట్టి తీవ్రవ్యాధులు గలవారిలో నలుగురికి ఇంచుమించు ముగ్గురు చికిత్స పొందుటలేదు. కారణములు పేదరికము, దూరము, అన్నిటికంటె సిగ్గు. ఆ సిగ్గు ఎంతటి కీడునకు దారితీయునో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో లోకము చూచినది. స్వస్థతకై తేబడి, సంకెలలతో కట్టివేయబడిన రోగులు నిప్పు అంటుకొన్నప్పుడు పారిపోలేక మరణించిరి. మృతులు 28 మంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగులను గొలుసులతో బంధించుటను నిషేధించినది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము టెలీ మానస్ అను ఉచిత దూరవాణి సేవను ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు పిలిచి తెలుగులోను మాటాడవచ్చును. ద్వీపమున నున్న కుటుంబమునకు సముద్రము దాటకయే మొదటి మాట చెప్పుకొనుటకు ఇది సాధనము.

సాధకులు గమనింపవలసినది

ఈ పత్రికాపాఠకులకు ప్రత్యేకముగ చెప్పవలసినది ఒకటి కలదు. వినబడు స్వరము ఒక్కొక్కప్పుడు దేవుని పేరుతో మాటాడును. యువకుడు నిద్రాహారములు మాని, తనకు ఆదేశము కలిగినదనును. ఇంటివారు దానిని వైరాగ్యమని సంతోషింతురు, లేదా పూనకమని భూతవైద్యుని కొఱకు పరుగెత్తుదురు. ఈ లోపల విలువైన మాసములు గడచును. చికిత్స ఎంత తొందరగా మొదలైన అంత మేలు. ఒక అనుభవము మనుష్యుని శాంతునిగ, కరుణగలవానిగ, తన పనియందు సమర్థునిగ చేయుచున్నదా? లేక భయమును, అనుమానమును, నిద్రలేమిని, ఒంటరితనమును పెంచుచున్నదా? ఫలమును చూచి వృక్షమును గుర్తింపవలెను. సందేహము కలిగినచో వైద్యుని చూచుట భక్తికి భంగము కాదు. వ్యాధి తీవ్రముగ నున్నప్పుడు దీర్ఘధ్యానము, కఠినోపవాసము, జాగరణము హానికరములు కావచ్చును. మితమైన నామజపము, భజనలో నలుగురితో కూర్చుండుట, తోటయందో వంటశాలయందో చిన్న సేవ చేయుట మేలు. జపమాల మందుకు బదులు కాదు. మందు జపమునకు శత్రువు కాదు.

వేదాంతము సాక్షిని గూర్చి చెప్పును. తలంపులు వచ్చును, పోవును, చూచువాడు వేరు. ఆరోగ్యవంతునకు ఇది ఒక సిద్ధాంతము కావచ్చును. స్కిజోఫ్రీనియాతో జీవించువానికి మాత్రము ఇది దినదినము, గంటగంటకు చేయవలసిన పని. ఈ తలంపు నాకు వచ్చినది; ఇది నేను కాదు; ఇది నిజమో కాదో ఇంకను చూడవలెను అని ఒక భయపీడితుడు తనలో తాననుకొని తలుపు తెరచి వెలుపలికి వచ్చినప్పుడు, ఆతడు చేసినది ఏ పండితుని వివేకమునకును తీసిపోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నట్లు, ఈ వ్యాధి గలవారిలో కనీసము మూడింట ఒకవంతు పూర్తిగా కోలుకొనగలరు. తక్కినవారిలో అనేకులకు నీరు కొంత నిలిచియే యుండును. అయినను నీరు నిలిచినంతమాత్రమున బ్రతుకు నిలువబడదు. మన్ను కొంచెము కొంచెముగ ఎత్తి మడి కట్టవలెను. వర్షమునకు కాలమీయవలెను. ఉప్పు ఒక్క యేట పోదు. కాని ప్రతి వర్షమునకును కొంత పోవును. ఆ మడిపై మొలచిన మొదటి మొక్కను చూచి, ఇంతేనా, అనువాడు రైతు కాడు. ఇంటివారు, ఇరుగుపొరుగువారు, భక్తసమాజములు ఆ మొక్కకు నీడపట్టుదురు గాక.